వెనకాల

జెనిల్దో బూట్లు కడిగేది నేనే.
కుడిది మడమ దగ్గర అరిగిపోయేది.
ఎడమది కొన్ననాటిలాగే ఉండేది.
ముప్ఫై ఆరేళ్ల మనిషి
ఎడమ మోకాలి మీద బరువు వెయ్యడం లేదని
డాక్టరు కంటే ముందు నాకే తెలిసింది.
నేనెవరికీ చెప్పలేదు.

నెహ్రూ స్టేడియం మెట్ల కింద కిట్టు గదిలో
రెండు వాషింగ్ మెషిన్ల రొద మధ్య కూచుని
ఆడిన ఊళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేవాడు.
మొదటిది బెలేం. అక్కడి నదికి
అవతలి గట్టు ఉందని నమ్మాలంతే, కనపడదు.
పోర్చుగల్లో ఏదో చేపల రేవు, రెండో డివిజన్.
సైప్రస్‌లో జీతం ఎగ్గొట్టిన ప్రెసిడెంటు
బదులుగా నారింజపళ్ల బుట్ట పంపాడట.
ఉక్రెయిన్ చలికి బంతి రాయిలా మోగేదట.
బహ్రెయిన్, ఇంకేవో నాకు నోరు తిరగనివి,
తర్వాత హైఫాంగ్. అక్కడ కూతురు పుట్టింది.
ఆ వేలు ముడిచి కాసేపు ఊరుకునేవాడు.
పది వేళ్లూ అయిపోయాక
నా చెయ్యి లాక్కుని చిటికెన వేలు పట్టుకునేవాడు:
చెన్నై.

గోల్స్ ఎన్ని కొట్టావంటే భుజాలెగరేసేవాడు.
పందొమ్మిదేళ్లలో ఇరవయ్యో, ఇరవై రెండో.
మా భాషలో బంతి అంటే ఆడేదీ, భోజనాలకి కూచునేదీ కూడా
అని ఆకు గీసి, వరస గీసి చూపించాను.
చాలాసేపు నవ్వాడు.
తను వడ్డించేవాడట.
అందరూ తిని లేచాక గిన్నె అడుగున ఉన్నదే తనదట.

ఏ దేశం వెళ్లినా ముందు ఒక్క మాట నేర్చుకుంటాడు.
నీళ్లు కాదు, అన్నం కాదు.
మధ్యలో ఆడేవాడి ప్రాణమంతా వీపులో ఉంటుంది,
వీపుకేమో కళ్లుండవు.
వాళ్ల ఊళ్లో అయితే "దొంగ!" అని అరుస్తారట,
ఇక్కడేమంటారు అని అడిగాడు.
కావలి నుంచి బిన్నీ మిల్లుకొచ్చిన మా తాత మాట
వ్యాసర్పాడిలో మూడు తరాలుగా ఇంటి లోపలే తిరిగిన మాట
నా నోట్లోంచి జారింది: "వెనకాల."
ఊరిది తమిళం కదా అని నాలిక కరుచుకునేలోపే
అతను దాన్ని నోట్లో వేసుకున్నాడు.

మొదటి మ్యాచ్‌లో "వెనకలా!" అని అరిస్తే
మిజోరం కుర్రాడు కొత్తగా ఎవరైనా వచ్చారేమోనని చూశాడు.
బంతి పోయింది. గోలు పడింది.
ఎవడు నేర్పాడు ఇతనికి అని కోచ్ అరుస్తుంటే
నేను తువ్వాళ్లు మడతపెడుతున్నాను.

మాట మార్చుకోలేదు జెనిల్దో.
మూడు వారాలకి మిజో కుర్రాడు అరిచాడు,
త్రిస్సూరు స్టాపర్ అరిచాడు, పెరంబూరు గోలీ అరిచాడు.
మాస్తిరీ వింటాడని మా తాత
గొంతు తగ్గించి పలికిన మాట
ఫ్లడ్ లైట్ల కింద ఆ చివర నుంచి ఈ చివరకి.
వెనకలా. వెనకలా.
కిట్టు పెట్టె మీద కూచుని
అకారణంగా ఒక సాక్సుని మూడుసార్లు పిండాను.

కార్తెల వాన దాటాక మోకాలు పోయింది.
జనవరిలో కాగితం ఇచ్చారు.
రెండు సూట్‌కేసులు, ఒక నడుం బెల్టు.
పన్నెండోది మాల్టా అన్నాడు. ఆ మాట అక్కడ ఏమంటారో
నన్నే అడిగాడు, నాకు తెలుస్తుందన్నట్టు.
బూట్ల జత వదిలేసి వెళ్లాడు.
ఎడమది ఇంకా మెరుస్తోంది.

మొన్న ఆదివారం ముల్లై నగర్ గ్రౌండులో
మా అక్క కొడుకు కాలి దగ్గర బంతి.
ఎవరో తమిళ పిల్లాడు, చెప్పుల్లేవు, గొంతు చించుకున్నాడు,
దీర్ఘం సరిగ్గా అదే తప్పు చోట:
"వెనకలా!"

మావాడు బంతి తప్పించాడు.
గట్టు మీద టీ గ్లాసుతో నిలబడ్డ నేనూ
గిరుక్కున తిరిగి చూశాను.